మగవాళ్ళు లేని రోజు

"ఫోన్లన్నీ ఈ గంపల వెయ్యున్రి. ఒక్కటి గూడ బైట ఉండొద్దు."

దేవ్‌సింగ్ వెదురు గంప తెచ్చి నడింట్లో పెట్టాడు. అప్పటిదాకా అందులో ఉల్లిగడ్డలున్నాయి. వాటిని మూలకు కుమ్మరించి, పొట్టు కూడా దులపకుండా తెచ్చేశాడు. నిన్నమొన్నటిదాకా ఒక్క ఫోన్‌కాల్‌తో డివిజన్ అంతటినీ పరుగులు పెట్టించిన ఆర్డీవో, ఇవాళ సొంతింట్లో ఫోన్లకు భయపడుతున్నాడు. ఓడలు బండ్లవుతాయని పెద్దలు ఊరికే అనలేదు.

తమ్ముడు కోటేష్ గడప మీద కూర్చుని వేపపుల్ల నములుతున్నాడు. "అన్నా, నా ఫోన్ల ఏముంటదే? అండ్ల రీచార్జి గూడ అయిపోయింది" అన్నాడు.

"అయిపోతె వెయ్యనీకి నీకేం నొప్పి?"

కోటేష్ పుల్ల పారేసి, ఫోన్ తీసి గంపలో పడేశాడు. ఆ పడెయ్యడంలోనే వాడి కోపమంతా వినిపించింది.

తల్లి హేమ్లి కొంగుముడి విప్పి బటన్ల ఫోన్ బయటికి తీసింది. "దీంట్ల నాకు ఎత్తుడు తప్ప చేసుడు రాదు కొడుకా. ఇది గూడ దొంగదేనా?"

"నీకు తెల్వదు యాడీ. వెయ్యి."

చివరికి పెళ్ళాం జ్యోత్స్న వచ్చింది. తన ఫోన్‌ను అత్తగారి ఫోన్ పక్కన, తెర కిందికి ఉండేలా బోర్లా పెట్టి, మొగుడి ముఖం చూడాల్సిన అవసరం లేనట్టు వంటింట్లోకి వెళ్ళిపోయింది. బోర్లా ఎందుకు పెట్టింది? దేవ్‌సింగ్ ఆ ప్రశ్నను నోట్లోనే నొక్కుకున్నాడు గానీ మనసులోంచి తీసెయ్యలేకపోయాడు.

గేటుకు అప్పటికే తాళం వేశాడు. తాళంచెవి లాల్చీ జేబులో ఉంది. రేలకాయల తండా చరిత్రలో పట్టపగలు గేటుకు తాళం పడ్డ ఇల్లు ఇదొక్కటే. ఇల్లందు బస్సుకు వెళ్ళేవాళ్ళు ఆగి చూసి, ఒకళ్ళ చెవి ఒకళ్ళు కొరుక్కుంటూ పోతున్నారు.

ఇంతకీ ఆయన భయం ఇది. నిన్న విచారణ గదిలో శ్యామల మేడం ఆయన్ని అన్నీ మామూలు ప్రశ్నలే అడిగింది. పైవాళ్ళు ఈ విచారణకని పంపిన అధికారిణి ఆమె. గొంతు పెంచదు, ముఖం చిట్లించదు. అంతా అయిపోయిందనుకుని దేవ్‌సింగ్ కుర్చీ వెనక్కి జరుపుతుంటే, కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఒక మాట అడిగింది.

"మొగోళ్ళు లేకుంటె ఇంక మంచిదే, అడ్డం మాట్లాడెటోడు ఉండడు. ఈ మాట మీరు అన్నారా సార్?"

అన్నాడు. అక్షరం పొల్లుపోకుండా అదే మాట అన్నాడు. కానీ కారులో అన్నాడు, అద్దాలు మూసి ఉండగా అన్నాడు. డ్రైవర్ సెలవులో ఉంటే ఆ రోజు బండి నడిపింది కోటేష్. వెనక సీట్లో తల్లీ, పెళ్ళామూ. ఆ మాట విన్నవాళ్ళు లోకం మొత్తం మీద ఆ ముగ్గురే.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. దేవ్‌సింగ్ ఈశ్వరుడి మీద ఆ పని వదిలెయ్యదలుచుకోలేదు.

*

"శ్యామల మేడం మధ్యాహ్నం ఇక్కడికే వస్తది" అన్నాడు తల్లి ఎదురుగా పీట వేసుకుని. "నీకు మోకాళ్ళ నొప్పులని చెప్పిన. అందుకే ఆమెనే వస్తాంది. నిన్ను ఒక్కటే అడుగుతది. ఆ రోజు ఇప్పలగుంపుల మొగోళ్ళు ఉన్నరా లేరా అని. ఉన్నరు అను. అంతే, ఇంకేం చెప్పకు."

హేమ్లి ముందు చేట ఉంది. చేటలో ఏరాల్సిన కందులున్నాయి. ఆమె ఏరుతూనే ఉంది.

"ఉన్నరా?" అంది.

"యాడీ."

"నేను అడుగుతాన. ఉన్నరా కొడుకా?"

దేవ్‌సింగ్ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

ఉన్నారో లేరో హేమ్లికి తెలియక కాదు. భద్రాచలంలో మొక్కు తీర్చుకుని వస్తున్న రోజది. తొలకరికి ముందు కోయగూడేల్లో విత్తనాల పండుగ చేస్తారు. మగవాళ్ళంతా విల్లంబులు పట్టుకుని అడవిలోకి వేటకు పోతారు. ఈ రోజుల్లో అడవిలో కొట్టడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు గానీ ఆచారం మిగిలింది. ఉత్త చేతులతో తిరిగొచ్చిన మగవాడి మీద ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లుతారు, పేరు పెట్టి పాట కడతారు, మళ్ళీ పండుగ వచ్చేదాకా ఆ పాట పాడుతూనే ఉంటారు. అందుకని ఒక్కడూ మధ్యలో ఇంటికి రాడు. ఆ రోజుల్లో ఊరు ఆడవాళ్ళదే. రోడ్డుకు అడ్డంగా దుంగ పెట్టి, వచ్చేపోయే బండ్లను ఆపి, పండుగ మామూలు పుచ్చుకుని గానీ వదలరు.

ఇప్పలగుంపనే కోయగూడెం దగ్గర ఆర్డీవో గారి కారును కూడా అలాగే ఆపారు. హేమ్లి అద్దం దించి అందరినీ పలకరించింది. వాళ్ళలో ఆమె పాత నేస్తం కొండమ్మ ఉంది మరి. కొండమ్మ నవ్వుతూ కారులోకి తొంగిచూసి, "ఏంది సారూ, ఇయ్యాల మా ఊర్ల మీటింగంటివట? మొగోళ్ళు లేని ఊర్ల ఎవల్తోని పెడ్తవ్, మాతోని దుంగ మోస్తవా?" అంది. ఆడవాళ్ళంతా పడీపడీ నవ్వారు. దేవ్‌సింగ్ కూడా నవ్వాడు. దుంగ తీశారు, కారు కదిలింది, అద్దాలు మూసుకున్నాయి. అప్పుడన్నాడు ఆ మాట.

ఏజెన్సీలో గుట్ట తవ్వాలంటే ఆ ఊరి జనం సభ చేరి సరేననాలి. ఇప్పలగుంపు వెనక దేవరగుట్టను ఒక రాళ్ళ కంపెనీ అడిగింది. ఊరంతా ఆ రోజు సభ చేరిందనీ, మగా ఆడా చేతులెత్తి సరేనన్నారనీ, తన కళ్ళతో చూశాననీ దేవ్‌సింగ్ పైకి రాసి పంపాడు. తండాలో పుట్టి, గుంపుల పక్కన పెరిగి, విత్తనాల పండుగ నాడు మగవాళ్ళు చేతులెత్తారని రాసిన మొనగాడు ఈ చుట్టుపక్కల ఇంకొకడు పుట్టలేదు. హైదరాబాదులో ఎవడికి తెలుస్తుందిలే అనుకున్నాడు. హైదరాబాదులో తెలియలేదు కూడా. గుట్ట పేలడం మొదలైంది. ఊట ఎండింది. ఒక మధ్యాహ్నం బండరాయి ఒకటి ఎగిరొచ్చి కొండమ్మ ఇంటి కప్పు మీద పడితే, లోపల అంబలి కాచుకుంటున్న కొండమ్మ కాలు విరిగింది. గుంపు మొత్తం రోడ్డెక్కింది. ఆ తర్వాతే సస్పెన్షను, క్వార్టర్ ఖాళీ చెయ్యడం, విచారణ.

"యాడీ, ఉన్నదున్నట్టు చెప్తాన, విను" అన్నాడు దేవ్‌సింగ్ కిటికీ దగ్గర్నుంచే. "నువ్వు ఉన్నరంటె నేను మళ్ళ ఆఫీసుకు పోత. లేరంటె జైలుకు పోత. నడుమ తొవ్వ లేదు."

"నేను ఉన్నరంటె కొండమ్మ?"

"కొండమ్మకేమైతది?"

"అబద్ధాలకోరు అయితది. కాలు ఇరిగింది, మాట గూడ ఇరుగుతది. గుట్ట మల్ల పేలుతది."

"వాళ్ళు మనల్ని ఎన్నడన్న మనోళ్ళన్నరా?" కోటేష్ గడప మీంచి అందుకున్నాడు. "లంబాడోళ్ళొచ్చి మా భూములు తిన్నరని ఇప్పటికీ అంటనే ఉంటరు. వాళ్ళ కోసం అన్నను జైలుకు పంపుతవా?"

"నోర్ముయ్యిరా" అంది హేమ్లి. "వాళ్ళు అననీ. మీ అన్నకు జరమొచ్చి కండ్లు తేలేస్తె వాగు దాటిచ్చి దవాఖానకు మోసుకపోయింది ఎవరు? మీ నాయిన గాదు, నేను గాదు. నాకు నువ్వు కడుపులున్నవ్. ఆ కొండమ్మ ఈపున కట్టుకోని పోయింది."

హేమ్లి మళ్ళీ కందులు ఏరడం మొదలుపెట్టింది. కొడుకంటే ఆమెకు ప్రాణం. తండాలో మొదటి ఆఫీసరు ఆమె కడుపున పుట్టాడు. ఆ ప్రాణాన్నీ, ఆ ఋణాన్నీ ఒకే నాలుక మీద పెట్టుకుని మధ్యాహ్నం దాకా ఎలా కూర్చోవాలో ఆమెకు తెలియడం లేదు.

*

కడావ్ వండమని దేవ్‌సింగే చెప్పాడు. గోధుమరవ్వ, బెల్లం, నెయ్యి. సేవాలాల్ మహారాజ్‌కు , అంటే లంబాడీల గురువుకు, నిప్పులో భోగ్ పెట్టేటప్పుడు వండే తీపి.

"ఇప్పుడు భోగ్ ఏంటి?" అంది జ్యోత్స్న. ఆమెది పెనుబల్లి వైపు తండా. హాస్టళ్ళలో చదివి పెరిగింది కాబట్టి ఇంట్లో మాట్లాడే లంబాడి బోలీ అంతంతమాత్రం. ఆమె కోసమే ఈ ఇంట్లో అందరూ తెలుగు మాట్లాడతారు.

"నిప్పు ముందల అందరు ప్రమాణం చెయ్యాలె. బైటికి చెప్పింది నేను గాదని. అబద్ధమాడినోళ్ళు సేవాలాల్‌కు జవాబు చెప్పుకుంటరు."

"మనింట్లో మనుషుల్ని నమ్మడానికి నిప్పు కావాల్సి వచ్చిందా?"

"వచ్చింది."

జ్యోత్స్న మూకుడు పొయ్యి మీద పెట్టింది. మగవాళ్ళు వాకిట్లోకి వెళ్ళాక హేమ్లి వంటింట్లోకి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, కోడలి పక్కన నిలబడింది.

"నువ్వేనా బిడ్డా?" అంది హేమ్లి మెల్లగా.

జ్యోత్స్న గరిటె ఆపలేదు. "నేనూ అదే అడగాలనుకున్నా అత్తమ్మా. మీరేనా అని."

హేమ్లి ఆమె ముఖంలోకి చూసింది. జ్యోత్స్న మూకుట్లోకి చూసింది. అవునని ఒకరనలేదు, కాదని ఒకరనలేదు. బెల్లం డబ్బా కోసం హేమ్లి అటక కింది గూట్లో చెయ్యి పెట్టింది. చేతికి తగిలింది బెల్లం కాదు. గుడ్డమూట. విప్పకముందే వాసన వచ్చింది. ఎండిన ఇప్పపువ్వు.

హేమ్లి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వయసులో ఉన్నప్పుడు ఇల్లందు సంతకు తనూ కొండమ్మా పక్కపక్కనే గంపలు పెట్టుకుని కూర్చునేవారు. కొండమ్మ ఇప్పపువ్వు ఇచ్చేది, తను అల్లిక రవిక ఇచ్చేది. ఆ మూటకట్టే పద్ధతి, ఆ ఎడమచేతి ముడి ఎవరిదో ఆమె చీకట్లోనైనా చెప్పగలదు.

"ఇది ఎవరు తెచ్చిన్రు?" అనుకున్నది పైకే అనేసింది.

తలుపు అవతల దేవ్‌సింగ్ నిలబడి ఉన్నాడని ఆమెకు తెలియదు.

*

"ఏందిరా ఇది?"

మూట కోటేష్ ఒళ్ళో పడింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, కోటేష్ చెయ్యి ముందు తన జేబు మీదికి పోయింది.

"ఇప్పపువ్వు అన్నా."

"నాకు కండ్లు లేవా? ఎక్కడిదని అడుగుతాన."

"సంతల కొన్న."

"ఇయ్యాల రేపు సంతల ఇప్పపువ్వు గుడ్డమూట గట్టి అమ్ముతున్నరా? చెప్పురా. గుంపుకు పోయినవ్ గదా?"

కోటేష్ తల దించుకున్నాడు. "అవ్, పోయిన."

"ఎందుకు?"

"నీ కోసమే అన్నా! కొండమ్మ కాళ్ళు పట్టుకుందామని పోయిన. మేడం ముంగట ఆ పండుగ ముచ్చట ఎత్తకమ్మా, మా అన్న ఆగమైతడు అని చెప్దామని పోయిన. ఆమె మంచంల పండుకోని ఉంది. నేను నోరు తెరవకముందే, తిన్నవా బిడ్డా అని అడిగింది. ఇగ నాకు మాట రాలె. ఇది ఇచ్చి మా నేస్తానికి ఇయ్యి అన్నది. తెచ్చిన. ఇయ్యనీకి మొఖం చెల్లక అండ్ల దాచిన."

"మాట రాలేదా, చెప్పాల్సిన మాట చెప్పొచ్చినవా? కారు నడిపింది నువ్వు. క్వారీల ట్రాక్టర్లు పెట్టుకుంట అని అడిగితె నేను వద్దన్న. అది గుర్తుంది నీకు."

కోటేష్ చివాలున తలెత్తాడు. "నువ్వు వద్దన్నప్పుడు మా అన్న నిజాయితీపరుడని తండ అంత చెప్పుకున్న. గట్లాంటి పిచ్చోణ్ణి నేను."

దేవ్‌సింగ్ ఆ మాట నమ్మలేకపోయాడు. అనుమానం ఇంకొంచెం పెరిగింది. అనుమానం తీరే మాట విన్నప్పుడు కూడా, ఈ మాట ఇంత చక్కగా ఎలా చెప్పగలిగాడు అనుకునే స్థితికి వచ్చాడాయన.

నిజానికి మొదట్లో తండా చెప్పుకున్న నిజాయితీపరుడు ఆయనే. తండా పెద్ద నాయక్ లాల్‌సింగ్ కొడుకు, ఆశ్రమ పాఠశాల పిల్లవాడు, గ్రూప్ టూ కొట్టి డిప్యూటీ తహసీల్దారయ్యాడు, తర్వాత తహసీల్దారయ్యాడు. జీపు పోని గూడేలకు నడిచిపోయాడు. పోడు చేసుకునేవాళ్ళ పక్కన గట్టు మీద కూర్చుని జొన్నగట్క తిన్నాడు. పట్టాలు ఇంటింటికీ పోయి ఇచ్చాడు. కోయగుంపుల్లో బొజ్జయ్య లాంటి పెద్దమనుషులు, లంబాడి అయితే ఏంది, మా సారు అన్నారు. ఏ రోజున జారాడో చెప్పమంటే ఆయనే చెప్పలేడు. ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదు, అది మాత్రం నిజం. కానీ ఆర్డీవో అయ్యాక, రాష్ట్ర సర్వీసులో ఉన్నవాళ్ళకు కొందరికి ఐఏఎస్ హోదా ఇస్తారనీ, ఆ జాబితాలో పేరుండాలంటే పైవాళ్ళ పనులు ఆగకూడదనీ తెలిసింది. పేరు పక్కన ఆ మూడక్షరాలు. అవి కావాలనుకున్న రోజు నుంచీ గట్ల మీద కూర్చోవడం మానేశాడు.

*

"ఎవల కోసం చేసిన ఇదంత?" అన్నాడు జ్యోత్స్నతో, కడావ్ పళ్ళెంలోకి తీస్తుంటే. "మీ కోసం గాదా?"

"మా కోసం అనకండి" జ్యోత్స్న గొంతు పెంచలేదు. అలా పెంచనప్పుడే ఆమె ఎక్కువ భయపెడుతుంది. "నేను అడగలేదు. అత్తమ్మ అడగలేదు. ఆ రోజు కారులో ఆ మాట అన్నాక మీరు నవ్వారు చూడండి, ఆ నవ్వు నాకింకా గుర్తుంది. ఇంటికొచ్చి ఆ రాత్రి నేను అన్నం తినలేదు. ఎందుకు తినలేదని మీరు అడగనుకూడా లేదు."

"అయితె నువ్వే!"

"ఏం నేనే?"

"అంత గుర్తున్నదంటె..."

గంపలో ఫోన్ మోగింది.

అందరూ అటే చూశారు. జ్యోత్స్న ఒక్కతే చూడలేదు. పళ్ళెం అంచుకు అంటిన నెయ్యిని వేలితో తుడుస్తూ ఉండిపోయింది. దేవ్‌సింగ్ గబగబా వెళ్ళి, బోర్లా ఉన్న ఫోన్ ఎత్తాడు. తెర మీద పేరు లేదు, ఉత్త నంబరు.

"హలో, ఎవరు?"

అవతల క్షణంసేపు ఊపిరి వినిపించింది. మగ గొంతు వినగానే ఫోన్ పెట్టేశారు.

"ఎవరిది?"

"బ్యాంకు వాళ్ళేమో. లోన్లు కావాలా అని చేస్తుంటారు."

"బ్యాంకోళ్ళు మొగోని గొంతు ఇంటె పెట్టేస్తరా?"

"నాకేం తెలుసు? ఫోన్ మీ దగ్గరుంది. చేసి అడగండి."

ఆయన చెయ్యలేదు. చేస్తే ఎవరి గొంతు వస్తుందోనని భయం వేసింది. ఆ భయం ఆయనకు సిగ్గుగా కూడా ఉంది. ఫోన్‌ను ఉల్లిపొట్టులోకి జారవిడిచాడు.

*

పిడకలు రాజుకున్నాయి. వాకిట్లో, లాల్‌సింగ్ నాయక్ ఒకప్పుడు కూర్చునే చోటే, సేవాలాల్ తెల్లజెండా కింద నిప్పు పెట్టారు. ఎండకు నిప్పు సరిగా కనిపించడం లేదు గానీ సెగ ముఖాలకు కొడుతోంది. నలుగురూ చుట్టూ కూర్చున్నారు. ఎవరి గుప్పిట్లో వాళ్ళకు కడావ్.

"జ్యోత్స్నా, నువ్వు మొదలుపెట్టు" అన్నాడు దేవ్‌సింగ్.

"ఆగు" అంది హేమ్లి.

"ఏంది యాడీ?"

"ఎన్నడు నేర్చినవ్ ఈ పద్ధతి? ఈ ఇంట్ల భోగ్ ముట్టిచ్చినోడే ముందల మాట చెప్పి ముద్ద ఎయ్యాలె. ఎనకనే మిగిలినోళ్ళు. మీ నాయిన గట్లనే చేసిండు. మరిచినవా?"

దేవ్‌సింగ్ నిజంగానే మరిచాడు. పరాయి ఊళ్ళలో ఎన్నో విచారణలు చేశాడాయన. అక్కడ అడిగేవాడు కుర్చీలో ఉంటాడు, చెప్పేవాడు నిలబడతాడు. అడిగేవాడు ప్రమాణం చెయ్యడు. ఆ అలవాటుతోనే ఇక్కడా కూర్చున్నాడు. తండాలో భోగ్‌కు కుర్చీ లేదన్న సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది.

"తండల మేక పోయినప్పుడు" హేమ్లి నిప్పు వైపు చూస్తూ చెప్పింది, "మీ నాయిన నాయకు. భోగ్ ముట్టిచ్చిండు. నా పాకల లేదు అని ముద్ద ఎయ్యబోయి ఆగిండు. ముందల నా పాక చూసి రాన్రి, అప్పుడు చెప్త అన్నడు. మేక మా పాకలనే దొరికింది. నా తమ్ముడే కట్టిండు. నలుగుర్ల నాయకు తల వంచుకోని, మేకనిచ్చి, తప్పు గట్టిండు. ఆయినె తల తీసేసినట్టు అయింది. కానీ మల్ల తండల ఎవ్వడు ఆయినె మాట కాదనలె."

"గిప్పుడు నేనేం చెప్పాలె మరి?"

"మేడానికి నన్నేం చెప్పమన్నవో అదే చెప్పు. నాకు కాదు, సేవాలాల్‌కు చెప్పు. ఆ రోజు ఇప్పలగుంపుల మొగోళ్ళున్నరని. నువ్వు చెప్పినంక మేమందరం చెప్తం."

దేవ్‌సింగ్ నెత్తిని మధ్యాహ్నపు ఎండ కాలుస్తోంది. కోటేష్ నేల చూస్తున్నాడు. జ్యోత్స్న మొగుణ్ణి చూస్తోంది. ఈ ఉదయం నుంచీ ఆమె సూటిగా ఆయన్ని చూడటం ఇదే మొదలు. ఆ చూపులో కోపం లేదు. వద్దండీ అని బతిమాలుతున్నట్టుంది. హేమ్లికైతే కొడుకు ముద్ద కింద పెట్టేస్తే బాగుండునని లోపల ప్రాణం కొట్టుకుంటోంది. జైలుకు పోయినా సరే, వారం వారం సద్ది కట్టుకుని పోయి చూసి వస్తుంది. నిప్పు ముందు మాత్రం అబద్ధమాడకూడదు వీడు.

దేవ్‌సింగ్ గొంతు సవరించుకున్నాడు. ఒక్క మాటే కదా అనుకున్నాడు. ఇంతకు ముందే రాసిన మాట, విచారణలో చెప్పిన మాట. మళ్ళీ చెబితే కొత్తగా పోయేదేముంది?

"ఉన్నరు" అన్నాడు. "ఆ రోజు గుంపుల మొగోళ్ళున్నరు. నా ముంగట చేతులెత్తిన్రు."

ముద్ద నిప్పులో పడింది. నెయ్యి చుయ్యిమని మండింది. అది ఆరకముందే కోటేష్ తన ముద్ద విసిరేశాడు, తొందరగా వదిలించుకోవాలన్నట్టు. "నేను చెప్పలె. ఎవ్వరికి చెప్పలె" అన్నాడు.

హేమ్లి తన గుప్పిట విప్పింది. కడావ్‌ను నిప్పులో వెయ్యలేదు. తిరిగి పళ్ళెంలో పెట్టింది. చెంబు వంచుకుని చెయ్యి కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంది.

"యాడీ, ఏం చేస్తున్నవ్?"

రోడ్డు మలుపులో జీపు చప్పుడైంది. చప్పుడు దగ్గరకొచ్చి, ఇంటి ముందు ఆగింది. తాళం వేసిన గేటును ఎవరో తట్టారు.

హేమ్లి మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. నడుం నిటారుగా చేసుకుని, కొడుకు దగ్గరికొచ్చి చెయ్యి చాచింది.

"తాళంచెవి ఇయ్యి."

"నువ్వేనా? యాడీ, ఇన్ని రోజుల సంది నువ్వేనా?"

"నేను గాదు బిడ్డా." ఆమె కళ్ళు ధారగా కారుతున్నాయి, గొంతు మాత్రం వణకలేదు. "ఇప్పటిదాక నేను ఎవ్వరికి చెప్పలె. ఎవరడిగిన కొడుకు పేరు కాపాడాల్నని నాలికె కరుసుకోని ఉన్న. నువ్వు ఈ ముద్ద కింద పెడ్తవేమో, ఇగ నేను చెప్పే పనుండదేమో అని చూసిన. ఇయ్యి తాళం."

గేటు మళ్ళీ చప్పుడైంది. దేవ్‌సింగ్ చెయ్యి, ఆయన ప్రమేయం లేనట్టే, జేబులోకి పోయింది. తాళంచెవి తల్లి అరచేతిలో పడింది. ఆమె గేటు వైపు నడిచింది, మోకాళ్ళ నొప్పిని లెక్కచెయ్యకుండా.

తల్లి కాదు. కోటేష్ కాదు.

దేవ్‌సింగ్ మెల్లగా తల తిప్పాడు. జ్యోత్స్న కూర్చున్న చోటే కూర్చుని ఉంది. వేళ్ళ సందుల్లోంచి నెయ్యి మణికట్టు మీదికి కారుతోంది. ఆమె గుప్పిట ఇంకా మూసే ఉంది.